పదకొండో గడి

టాంజియర్‌లో ఎక్కి కెనిత్రా దాకా
పెట్టె పెట్టెకీ తిరుగుతూ నేనడిగేది ఒకటే:
మీ గంట ఖరీదెంత?

కొందరు నవ్వుతారు.
కొందరు జేబు తడుముకుంటారు, టికెట్టడిగాననుకుని.
కార్ల విడిభాగాలమ్మే బూష్తా మాత్రం
ఎప్పుడో లెక్కేసి పెట్టుకున్నవాడిలా
"నాలుగొందల దిర్హాములు" అన్నాడు,
ఫోన్ మీంచి తలెత్తకుండా.
మూడో గడిలో రాసుకున్నాను.

ఎదుటి సీట్లో తూరియా, ఫ్రెంచి టీచరు.
"పాత బండిలో అయిదు గంటలు కూచుని
ముప్పై పేపర్లు దిద్దేదాన్ని.
ఇప్పుడు ఎర్ర పెన్ను మూత తీసేలోపు స్టేషనొస్తుంది.
మిగిలిన గంటలు ఏ సంచిలో పెట్టానో,
వెతికితే కనబడవు."
దానికి గడి లేదు. జీతమెంతో కనుక్కుని
అందులో మూడోవంతు వేశాను.
చంటిపిల్లల గంట సున్నా.
నిద్రపోయేవాళ్లని లేపకూడదని నియమం.

కాకి లెక్కలు కావు మావి.
కాకుల్ని కూడా లెక్కపెట్టాం:
తీగలకి తగిలి రాలే పక్షుల పద్దు తొమ్మిదో గడి.
స్టేషను చుట్టూ పెరిగిన జాగా ధర ఏడు.
రోడ్డు మీద జరగకుండా పోయిన ప్రమాదాలు ఎనిమిది,
అంటే బతికి ఉన్నామని తెలియని మనుషులు.

బండి ఆగని ఊళ్లలోనూ అడిగి రమ్మన్నారు,
'ప్రభావం లేదు' అని రాయడానికి.

లౌకోస్ నది దాటాక స్ట్రాబెర్రీ తోటలు.
ప్లాస్టిక్ గుడారాల కింద వంగిన ఆడవాళ్లు.
హష్మియా లేవకుండానే జవాబిచ్చింది.
బండెప్పుడైనా ఎక్కారా? "లేదు."
ఎక్కుతారా? "ఎక్కడికి?"
మీకేమైనా లాభం?
ఇంటూ మార్కు సగం గీశాను.
"ఉంది" అంది.

"ఫోన్లు గేటు దగ్గర డబ్బాలో వేయించుకుంటాడు మేస్త్రీ.
గడియారం ఒక్కటే, అతని చేతికి.
ఆ ముల్లు పొద్దున పరిగెత్తేది, సాయంత్రం కుంటేది.
పొద్దు చూసి చెబుదామంటే
ఈ తెల్ల ప్లాస్టిక్ కింద పొద్దెక్కడ?
ఇప్పుడు బండి చూడక్కర్లేదు,
నెత్తిన ప్లాస్టిక్ వణుకుతుంది.
నాలుగోసారి వణికిందా,
నలభై నడుములు లేస్తాయి.
మేస్త్రీ తన గడియారాన్నే తిడతాడు."

ఎంత మిగులుతుంది?
"రోజుకి ఇరవై అయిదు నిమిషాలు" అంది,
బూష్తా కంటే త్వరగా.
తర్వాత తనే,
"వరదొచ్చి మూడు రోజులు బండ్లాగిపోయాయి.
ఆ మూడు రోజులూ చీకట్లో చేత్తో తడుముతూ ఏరాం.
అదీ రాసుకో. తీసేయాల్సింది తీసేయ్."

ఫారం వెనక గుణించాను:
ఇరవై అయిదు, నలభై మంది, సీజనుకి నూటపది రోజులు.
పద్దెనిమిది వందల ముప్పై మూడు గంటలు,
పైన ఇరవై నిమిషాలు.
అందులోంచి మూడు రోజులు తీసేశాను.

రబాత్‌లో మా పెద్దసారు అజ్జెద్దీన్
కళ్లద్దాలు నుదుటికెక్కించి చదివాడు.
"వీళ్లు ప్రయాణికులు కారు కదమ్మా."
కోపంగా అనలేదు.
నిర్వచనం ఆయనవైపే ఉంది.
పదో గడి కింద స్కేలు పెట్టి ఇంకొకటి గీశాను.
ఫారాలు చదివే యంత్రానికి అది మరక.

మళ్లీ అదే దారి, నాలుగో బండి.
ఆ తోట దాటడానికి ఆరు సెకన్లు.
మసక తెలుపు, అంతే. మనిషి కనబడదు.
పక్కన బూష్తా చెయ్యి విదిలించాడు:
"నాలుగు నిమిషాలు లేటు!"

అతని లెక్కన ఇరవై ఏడు దిర్హాములు, చిల్లర తక్కువ.
కిందనున్నవాళ్లవి
నాలుగు నలభైలు నూట అరవై నిమిషాలు,
ఇంకా వంగే ఉన్నాయి.